ద్వారకా నగర్ వీకెండ్ సైబర్ డిఫెన్స్ కోర్సు: పాలసీ క్లాసులు సూపర్, ల్యాబ్ దండగ

చదివే ఓపిక లేనోళ్ళ కోసం ముందే చెప్పేస్తున్నా, ఈ కోర్సులో సగం బంగారం, సగం తుక్కు. యూరప్ దేశాలన్నీ కలిసి సైబర్ ఎటాక్స్ ని ఎలా ఎదుర్కొంటున్నాయి, వాళ్ళ రూల్స్ ఏంటి, అవి మనదాకా ఎలా వస్తాయి అనే భాగం చాలా బాగా చెప్పారు, నేనైతే యూట్యూబ్ లో కూడా ఇంత క్లియర్ గా వినలేదు. టూల్స్, ల్యాబ్, ప్లేస్‌మెంట్ అనే మిగతా సగం మాత్రం వద్దు బాబోయ్. సెంటర్ పేరు రాయను, రాస్తే నాకు ఫోన్లు మొదలవుతాయి, ఆ గొడవ నాకెందుకు. వైజాగ్ ద్వారకా నగర్ లో కింద జిరాక్స్ షాపు, పైన కోచింగ్ సెంటర్ ఉన్న బిల్డింగులు ఎన్నున్నాయో మీకు తెలుసు కదా, అందులో ఒకటి అనుకోండి.

పధ్నాలుగు వేలు ప్లస్ జీఎస్టీ, శని ఆదివారాలు పొద్దున్న పూట, నెలన్నర. బ్రోచర్ మీద హెల్మెట్ పెట్టుకున్న సోల్జర్ ఒకడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంటాడు, వెనకాల యూరోపియన్ యూనియన్ జెండా, నీలం మీద పన్నెండు పసుపు నక్షత్రాలు. కింద "యూరోపియన్ సైబర్ డిఫెన్స్ లో కెరీర్" అని పెద్దక్షరాలు. ఆ బొమ్మ చూసి జాయినైన కుర్రాళ్ళు మా బ్యాచ్ లో చాలామందే ఉన్నారు, పాపం వాళ్ళు బ్రస్సెల్స్ లో కూర్చుని రష్యా హ్యాకర్లతో యుద్ధం చేస్తామనుకున్నారు. మొదటి క్లాసులోనే సార్ ఆ బ్రోచర్ చేతిలోకి తీస్కుని, ఈ సోల్జర్ గారి ఉద్యోగం మీకు రాదు, ఆ దేశం పాస్‌పోర్టు లేకుండా ఎవరూ ఇవ్వరు, మీకొచ్చే పని వేరే ఉంది, అది చెప్తాను ఉంటే ఉండండి లేకపోతే రిఫండ్ అడగండి అన్నాడు. ఆఫీసులో కూర్చున్న మేనేజ్‌మెంట్ మొహం చూడాలి అప్పుడు.

నేనెందుకు జాయినయ్యానంటే, మాది రుషికొండ సైడు ఆఫీసు, మా క్లయింట్లలో ఇద్దరు ముగ్గురు యూరప్ వాళ్ళు. ఏడాదిగా వాళ్ళ దగ్గర్నుంచి సెక్యూరిటీ ప్రశ్నల ఎక్సెల్ షీట్లు వస్తున్నాయి, ఒక్కో షీటులో వందల వరసలు, మీ బ్యాకప్ ఎక్కడ పెడతారు, అది రీస్టోర్ అవుతుందో లేదో ఆఖరిసారి ఎప్పుడు టెస్ట్ చేశారు, ఉద్యోగం మానేసినవాడి యాక్సెస్ ఎన్ని గంటల్లో తీసేస్తారు, మీ దగ్గర ఏదైనా జరిగితే మాకు ఎంతసేపట్లో చెప్తారు. మా మేనేజర్ అన్నిటికీ "ఎస్" అని పెట్టి పంపించెయ్యమ్మా అంటాడు. ఎస్ అని పెట్టేస్తే రేపు తేడా వస్తే ఎవరి మెడకి చుట్టుకుంటుంది అన్న భయంతో జాయినయ్యాను, ఫీజు సొంత డబ్బే, కంపెనీ రీయింబర్స్ చెయ్యలేదు, అది వేరే కథ.

ఇక సార్ సంగతి. నేవీలో కమ్యూనికేషన్స్ వైపు పనిచేసి రిటైరైన మనిషి, మన ఊళ్ళో అలాంటివాళ్ళకి కొదవేముంది, ఈస్టర్న్ నేవల్ కమాండ్ ఇక్కడే కదా. నేవీలో ఏం చేశారు సార్ అని ఎవరు అడిగినా "అది సిలబస్ లో లేదు" అని నవ్వేస్తాడు. స్లైడ్లు వాడడు, వైట్‌బోర్డు మీద మూడు రంగుల మార్కర్లతో రాస్తాడు, నీలం సివిల్, ఎరుపు మిలటరీ, ఆకుపచ్చ పోలీసు. ఏ సంస్థ పేరొచ్చినా ఏ రంగుతో రాయాలో మమ్మల్నే అడుగుతాడు. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ యూరప్ వ్యవహారంలో సగం కన్ఫ్యూజన్ దీనితోనే పోతుంది, ఎందుకంటే అక్కడ ఇన్ని సంస్థలున్నాయి, ఒకదాని పేరు ఇంకోదానిలాగే ఉంటుంది. సివిల్ సైడు సైబర్ సెక్యూరిటీ ఏజెన్సీ ఎనీసా, 2004 లో పెట్టారు, హెడ్డాఫీసు ఏథెన్స్. సైబర్ క్రైమ్ చూసేది హేగ్ లో ఉన్న యూరోపోల్, అంటే యూరప్ పోలీసు సంస్థ, దాని సెంటర్. మిలటరీ సైడు యూరోపియన్ డిఫెన్స్ ఏజెన్సీ, అది బ్రస్సెల్స్ లో. రీసెర్చికి డబ్బులు పంచే కాంపిటెన్స్ సెంటర్ ఒకటి బుకారెస్ట్ లో. ఎస్టోనియా రాజధాని టాలిన్ లో ఫేమస్ సైబర్ డిఫెన్స్ సెంటర్ ఒకటుంది కదా అని ఒకబ్బాయి అంటే, ఉంది కానీ అది యూరోపియన్ యూనియన్ ది కాదు, నాటో గుర్తింపు ఉన్నది అని బోర్డుకి ఓ మూల బాక్సు కట్టి అందులో రాశాడు. యూనియన్ లో 27 దేశాలు, నాటోలో 32, రెండిట్లోనూ ఉన్నవి 23. ఆస్ట్రియా, ఐర్లాండ్, మాల్టా, సైప్రస్ యూనియన్ లో ఉన్నాయి గానీ నాటోలో లేవు. సైబర్ విషయంలో రహస్య సమాచారం ఎవరు ఎవరికి ఇవ్వొచ్చు అనే తకరారు సగం ఇక్కడే మొదలవుతుందట.

చరిత్ర ఎస్టోనియాతో మొదలుపెట్టాడు. 2007 ఏప్రిల్ లో వాళ్ళు రాజధానిలో ఉన్న సోవియట్ కాలం నాటి సైనికుడి విగ్రహాన్ని వేరే చోటికి మార్చారు, దాంతో గొడవలు, వెంటనే బ్యాంకులు, గవర్నమెంటు సైట్లు, పేపర్ల సైట్లు అన్నిటిమీదా డీడాస్ ఎటాక్ లు, అంటే ఒకేసారి బోలెడు ట్రాఫిక్ తోసి సైటుని పడగొట్టడం, వారాల తరబడి. ఆ తర్వాత ఏడాదే, అంటే 2008 లో, టాలిన్ సెంటర్ వచ్చింది. విగ్రహం జరిపితే బ్యాంకు ఆగిపోయింది అనేసరికి క్లాసులో ఒకడు, మన దగ్గర విగ్రహాల మీద జరిగే గొడవలకి ఆ లెక్కన రోజూ ఏటీఎం ఆగిపోవాలి సార్ అన్నాడు, అందరం నవ్వాం.

నిజంగా కళ్ళు తెరిపించింది మాత్రం వయాశాట్ కేసు. 2022 ఫిబ్రవరి 24 తెల్లారగట్ల, ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలవడానికి గంట ముందు, వయాశాట్ కంపెనీ నడిపే కేఏ శాట్ అనే శాటిలైట్ ఇంటర్నెట్ నెట్‌వర్క్ మోడెమ్ లు వేలల్లో పనికిరాకుండా పోయాయి. గురి ఉక్రెయిన్ మీద, కానీ జర్మనీలో 5,800 గాలిమరలకి రిమోట్ కనెక్షన్ తెగిపోయింది, అవి తిరుగుతూనే ఉన్నాయి, కరెంటూ ఇస్తున్నాయి, కాకపోతే దూరం నుంచి చూసే దారి, సరిచేసే దారి లేదు. మే 10 న యూరోపియన్ యూనియన్ ఇది రష్యా పనే అని అఫీషియల్ గా పేరుపెట్టి చెప్పింది. ఒక కంపెనీ నెట్‌వర్క్ మీద కొడితే పక్క దేశంలో కరెంటు కంపెనీ కంగారుపడాల్సి వచ్చింది, సరిహద్దు అనేది ఇక్కడ ఎక్కడుందో చెప్పండి అని బోర్డు మీద యూరప్ మ్యాప్ గీసి మార్కర్ నా చేతికిచ్చాడు. నేను నీళ్ళు నమిలాను, ఎవరైనా అంతే కదా.

ఆ ఏడాదే నవంబరు 10 న యూరోపియన్ కమిషన్, విదేశీ వ్యవహారాల విభాగం కలిసి సైబర్ డిఫెన్స్ పాలసీ అని పెద్ద డాక్యుమెంటు బయటపెట్టారు. నాలుగు మూలస్తంభాలు దానికి, కలిసి పనిచెయ్యడం, డిఫెన్స్ రంగానికి ఉన్న సిస్టమ్ లని గట్టిపరచడం, డబ్బు పెట్టడం, బయటి దేశాలతో భాగస్వామ్యం. సార్ ఈ నాలుగూ చదివేసి వదిలెయ్యలేదు, ఒక్కో స్తంభం కింద నిజంగా ఏం కదిలింది, ఏది కాగితం మీదే ఉంది అని విడదీసి చూపించాడు. సైబర్ ఎటాక్ జరిగితే రంగంలోకి దిగే టీములని సర్ట్ అంటారు, మిలటరీ సర్ట్ టీముల మధ్య మిక్‌నెట్ అనే నెట్‌వర్క్ డిఫెన్స్ ఏజెన్సీ పెట్టింది. యూనియన్ దేశాలు డిఫెన్స్ కోసం కలిసి చేసే పెస్కో అనే ప్రాజెక్టుల్లో లిథువేనియా ముందుండి నడిపే సైబర్ ర్యాపిడ్ రెస్పాన్స్ టీములున్నాయి, ఎస్టోనియా, నెదర్లాండ్స్, పోలండ్, రొమేనియా, క్రొయేషియా లాంటి దేశాల ఎక్స్‌పర్టులు అందులో, ఉక్రెయిన్ అడిగితే 2022 ఫిబ్రవరిలోనే వాటిని యాక్టివేట్ చేశారు. మనిషి చెప్పే తీరు ఎలా ఉంటుందంటే, పొగడాల్సిన దగ్గర పొగుడుతాడు, వెంటనే "కానీ" అంటాడు. ఆ "కానీ" ఏంటంటే, యూనియన్ ఒప్పందంలోనే దేశ భద్రత ఏ దేశానికా దేశానిదే అని రాసుంది, కాబట్టి బ్రస్సెల్స్ చేతిలో సైన్యం ఏమీ లేదు, ఎవడి దగ్గరున్న గుట్టు వాడు ఇష్టమైతేనే పక్కోడికి చెప్తాడు. ఫ్రాన్స్ దగ్గర ఉన్నంత టీము మాల్టా దగ్గర ఉండదు, ఫ్రాన్స్ వాడికి తెలిసింది మాల్టాకి చెప్పాలంటే ముందు నమ్మకం కుదరాలి. అందుకే ఈ చట్టాలు, నెట్‌వర్కులు, ఎక్సర్‌సైజులు, వీటన్నిటి అసలు పని జనాన్ని ఒకళ్ళకొకళ్ళని అలవాటు చెయ్యడమే అంటాడు. బ్రోచర్ మీద సోల్జర్ బొమ్మ ఎంత అబద్ధమో అక్కడ అర్థమైంది నాకు, యూరప్ వాళ్ళ సైబర్ డిఫెన్స్ లో ఎక్కువ భాగం ఫోన్ నంబర్లు, ఫారాలు, గడువులు, మీటింగులు. మనలాంటోళ్ళకి పని దొరికేది కూడా అక్కడే.

సైబర్ సాలిడారిటీ చట్టం క్లాసు నాకు అన్నిటికన్నా నచ్చింది. 2025 ఫిబ్రవరి 4 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో సైబర్ సెక్యూరిటీ రిజర్వ్ అని ఒకటుంది, అంటే నమ్మకమైన ప్రైవేటు కంపెనీలతో ముందే అగ్రిమెంటు రాసిపెట్టుకుంటారు, ఏ దేశంలో పెద్ద ఎటాక్ జరిగి వాళ్ళ సొంత టీములు సరిపోకపోతే వీళ్ళు వెళ్ళి సాయం చేస్తారు. నడిపించేది ఎనీసా, దానికి మూడేళ్ళకి 3.6 కోట్ల యూరోలు కేటాయించారు. దీన్ని అర్థం చేయించడానికి సార్ హుద్‌హుద్ తుపానుని ఉదాహరణగా తీస్కొచ్చాడు. 2014 అక్టోబరు 12 తర్వాత మన ఊళ్ళో కరెంటు స్తంభాలు ఎలా పడున్నాయో చూసినోళ్ళకి చెప్పక్కర్లేదు, అప్పుడు పక్క జిల్లాల నుంచి, పక్క రాష్ట్రాల నుంచి లైన్‌మెన్ లు లారీల్లో వచ్చారు కదా, వాళ్ళకి మన ఫీడర్ ఏది, సబ్‌స్టేషన్ ఎక్కడ, ఎవరు స్విచ్ ఆపితే ఎవరు స్తంభం ఎక్కాలి అనేది మన డిపార్ట్‌మెంటు వాడొకడు పక్కనుండి చెప్తే గానీ పని జరగలేదు. మనిషి రావడం ఒక ఎత్తు, వచ్చినవాడికి తాళాలు ఎవరిస్తారన్నది ఇంకో ఎత్తు. రిజర్వ్ లో కూడా చిక్కు అదే, జర్మనీ కంపెనీ వాడు సైప్రస్ లో ఆస్పత్రి నెట్‌వర్క్ లోకి దిగాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ ఇచ్చేదెవరు, పేషెంట్ల డేటా కనపడితే బాధ్యత ఎవరిది, రాత్రి రెండింటికి సంతకం పెట్టే అధికారం ఉన్న ఆఫీసరు ఎవరు, ఇవన్నీ ముందే తేల్చుకుని ఉండాలి. ఈ ముక్క నేను ఎక్కడా చదవలేదు, అనుభవం ఉన్నోడు చెప్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు మన పొట్టకూటి సంగతి, అదే నిస్ 2 అనే యూరప్ సైబర్ సెక్యూరిటీ చట్టం. పాత నిస్ చట్టం 2016 ది, సరిపోలేదని కొత్తది 2022 లో తెచ్చారు, 2023 జనవరి 16 నుంచి అమలు, దేశాలన్నీ 2024 అక్టోబరు 17 లోపల తమ సొంత చట్టాల్లోకి దించుకోవాలి. మొత్తం 18 రంగాలు, కరెంటు, నీళ్ళు, రవాణా, బ్యాంకులు, ఆస్పత్రులు, డిజిటల్ సర్వీసులు, ఆఖరికి తిండి పదార్థాలు, చెత్త ఎత్తడం కూడా. గడువు దాటినా చాలా దేశాలు చెయ్యలేదు, నవంబరులో కమిషన్ 23 దేశాలకి నోటీసులిచ్చింది, 2025 మే నాటికి ఇంకా 19 దేశాలకి రెండో రౌండు హెచ్చరిక వెళ్ళింది. ఇది విన్నప్పుడు నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది, లాస్ట్ డేట్ దాటేది మనమొక్కళ్ళమే కాదన్నమాట. ఫైన్లు మాత్రం మామూలుగా లేవు, అత్యవసర కేటగిరీ సంస్థలకి కోటి యూరోలు లేదా ప్రపంచం మొత్తం టర్నోవర్ లో 2 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకూ వెయ్యొచ్చు. రెండో కేటగిరీకి 70 లక్షల యూరోలు లేదా 1.4 శాతం. పైగా ఎండీలు, డైరెక్టర్లు మాకేం తెలీదు, ఐటీ వాళ్ళని అడగండి అంటే కుదరదు, సెక్యూరిటీ ఏర్పాట్లకి ఓకే చెప్పాల్సింది వాళ్ళే, ట్రైనింగ్ కూడా తీసుకోవాలి.

మరి వైజాగ్ లో కూర్చున్న మాకేం సంబంధం అంటే, ఆ చట్టంలో సప్లయ్ చైన్ అనే మాట ఉంది. అక్కడి కంపెనీ తన వెండర్ల భద్రత కూడా చూసుకోవాలి, ఆ వెండరు మనం. చట్టం నేరుగా మన మెడ మీదకి రాదు, కాంట్రాక్టు రూపంలో వస్తుంది, ఆ ఎక్సెల్ షీట్ రూపంలో వస్తుంది. యూరప్ లో క్లౌడ్ గానీ మేనేజ్డ్ సర్వీసులు గానీ నేరుగా అమ్మేవాళ్ళైతే ఇంకో మెట్టు ఎక్కువ, అక్కడ ఒక ప్రతినిధిని పెట్టుకోవాలి. ఎందుకింత పట్టింపు అంటే 2025 సెప్టెంబరులో జరిగింది చెప్పాడు, కాలిన్స్ ఏరోస్పేస్ అనే ఒక్క వెండరు చెకిన్ సాఫ్ట్‌వేర్ మీద రాన్సమ్‌వేర్, అంటే సిస్టమ్ లాక్ చేసి డబ్బులడిగే వైరస్, పడితే హీత్రో, బ్రస్సెల్స్, బెర్లిన్ ఎయిర్‌పోర్టులు మూడూ ఒకేసారి ఇబ్బంది పడ్డాయి, చేత్తో బోర్డింగ్ పాసులు రాశారు. ఎయిర్‌పోర్టు సొంత సిస్టమ్ లో తప్పేం లేదు, పడింది వెండరు దగ్గర. నేను మా ఆఫీసుకెళ్ళి మా మేనేజర్ కి ఈ కథే చెప్పాను, అప్పట్నుంచి ఎస్ అని పెట్టెయ్యమ్మా అనడం తగ్గించాడు, పూర్తిగా మానలేదనుకోండి.

కోర్సు మొత్తంలో పైసా వసూల్ అంటే టేబుల్‌టాప్ ఎక్సర్‌సైజ్. కంప్యూటర్లు ఏమీ ఉండవు, బల్లలు జరిపి గుండ్రంగా కూర్చోబెట్టి చీటీలు పంచాడు. ఊహించుకున్న యూరప్ పోర్టు ఒకటి, అందులో కంటైనర్ల క్రేన్లు నడిపే సాఫ్ట్‌వేర్ లాక్ అయిపోయింది, స్క్రీన్ మీద డబ్బులడిగే మెసేజ్. మాలో ఒకరు పోర్టు ఎండీ, ఒకరు ఐటీ హెడ్, ఒకరు ఆ దేశపు సర్ట్, ఒకరు పక్క దేశం సర్ట్, ఒకరు ప్రెస్ తో మాట్లాడేవాళ్ళు, నేను సాఫ్ట్‌వేర్ వెండరు, సరిగ్గా నా అసలు ఉద్యోగమే. మూల మీద పాత గోడ గడియారం పెట్టి, అయిదు నిమిషాలు అంటే నాలుగు గంటలు అన్నాడు. పది నిమిషాలకోసారి ఒక చీటీ పడేస్తాడు. ఒక చీటీలో "పక్క దేశం పోర్టులో కూడా అదే మెసేజ్", ఇంకో చీటీలో "లోకల్ టీవీ వాళ్ళు గేటు దగ్గరున్నారు", ఇంకోదాంట్లో "మీ బ్యాకప్ సర్వర్ అదే నెట్‌వర్క్ లో ఉందని ఇప్పుడే తెలిసింది". ఎండీ వేషం వేసినాయన నిజం జీవితంలో షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో పనిచేస్తాడు, ఆయన ఒకటే పట్టు, ముందు ఓడలు దించండి తర్వాత రిపోర్టులు రాసుకోండి అని. ఐటీ హెడ్ వేషంలో ఉన్నమ్మాయి అన్నీ ఆపేసి ప్లగ్ పీకెయ్యాలంటుంది. ఇద్దరూ గట్టిగా అరుచుకున్నారు, కింద జిరాక్స్ షాపాయన పైకొచ్చి ఏటండీ గొడవ అని అడిగెళ్ళాడు.

అసలు రసం ఎక్కడుందంటే రిపోర్టింగ్ గడువు దగ్గర. నిస్ 2 ప్రకారం 24 గంటల్లో ముందస్తు హెచ్చరిక, 72 గంటల్లో వివరాలతో నోటిఫికేషన్, నెల లోపల ఫైనల్ రిపోర్టు. మరి ఆ 24 గంటలు ఎప్పట్నుంచి లెక్క అని వాదన. ఎటాక్ జరిగినప్పట్నుంచా, మనకి తెలిసినప్పట్నుంచా? తెలిసినప్పట్నుంచే, అదీ పెద్ద ఇన్సిడెంట్ అని తెలిసినప్పట్నుంచి. పెద్దది అంటే ఏది, సర్వీసు బాగా దెబ్బతినడమో, డబ్బు నష్టమో, వేరేవాళ్ళకి గట్టి నష్టమో జరగాలి, లేదా జరిగే అవకాశమైనా ఉండాలి. మరి నేను వెండర్ని, నాకు రాత్రి పదకొండింటికి లాగ్స్ లో, అంటే సిస్టమ్ రాసుకునే రికార్డుల్లో, తేడా కనపడింది, పోర్టుకి పొద్దున్న తొమ్మిదింటికి చెప్పాను, ఆ పది గంటలు ఎవరి ఖాతాలో వెయ్యాలి? చట్టం ప్రకారం గడియారం పోర్టు వాళ్ళకి తెలిసినప్పట్నుంచే తిరుగుతుంది, కానీ కాంట్రాక్టులో "వెంటనే చెప్పాలి" అని ఉంటే ఆ పది గంటలకి పోర్టు వాళ్ళ లాయరు నా గొంతు మీద కూర్చుంటాడు అని తేలింది. ఇది తెలిశాక నేను మా కాంట్రాక్టులు తీసి చదివాను, ఒకదాంట్లో "వెంటనే" అని ఉంది, ఎన్ని గంటలో లేదు. అది రాయించాలని లీగల్ వాళ్ళకి మెయిల్ పెట్టాను.

ఇంకో మాట, మన దేశంలో సర్ట్-ఇన్, అంటే మన గవర్నమెంటు సర్ట్, వాళ్ళ 2022 ఏప్రిల్ 28 ఆర్డరు ప్రకారం 6 గంటల్లోనే చెప్పాలి, లాగ్స్ 180 రోజులు ఇండియాలో ఉంచాలి. అంటే యూరప్ వాడికన్నా మనవాళ్ళే స్ట్రిక్టు, కాగితం మీద అయినా. ఒకే ఇన్సిడెంట్ కి ఇక్కడ 6 గంటలు, అక్కడ క్లయింట్ కి 24 గంటలు, పర్సనల్ డేటా కూడా పోతే జీడీపీఆర్ అనే యూరప్ డేటా చట్టం కింద 72 గంటల గడియారం విడిగా. సార్ ఈ మూడు గడియారాలూ ఒకే గీత మీద గీసి చూపించాడు, ఆ బోర్డు ఫోటో మా ఆఫీసు గోడ మీద అతికించాం.

సైబర్ రెసీలియన్స్ చట్టం గురించి కొంచెం తొందరపడి చెప్పేశాడనిపించింది, ఇంకో క్లాసు పెట్టాల్సింది. సాఫ్ట్‌వేర్ ఉన్న ఏ వస్తువైనా యూరప్ లో అమ్మాలంటే ఆ రూల్స్ పాటించి సీఈ మార్కు వేసుకోవాలి, 2024 డిసెంబరు 10 న అమల్లోకి వచ్చింది, హ్యాకర్లు వాడుతున్న లోపాన్ని 24 గంటల్లో చెప్పాలనే రూలు 2026 సెప్టెంబరు 11 నుంచి, మిగతా రూల్స్ లో చాలావరకు 2027 డిసెంబరు 11 నుంచి. మెడ్‌టెక్ జోన్ లో పనిచేసే ఒకావిడ మా బ్యాచ్ లో ఉంది, మా పరికరాలకి కూడా ఇదేనా అని అడిగితే, మెడికల్ డివైజులకి యూరప్ లో విడిగా 2017 నాటి రెగ్యులేషన్ ఉంది కాబట్టి అవి ఇందులోంచి మినహాయింపు, కానీ ఆ రెగ్యులేషన్ లో కూడా సెక్యూరిటీ అడుగుతారు, ఊపిరి పీల్చుకోకండి అన్నాడు. ఆవిడ ఆ ఒక్క జవాబుకే ఫీజు గిట్టుబాటైందంది.

ఇప్పుడు తిట్లు. ల్యాబ్ సార్ వేరే మనిషి, కుర్రాడు, మంచివాడే పాపం, కానీ స్లైడు మీద ఏముందో అదే చదువుతాడు. ఆ స్లైడ్లలో నిస్ 2 ఇంకా "ప్రతిపాదన దశలో" ఉంది! పొద్దున్న పెద్ద సార్ అమలు తేదీలు చెప్పి వెళ్ళాడు, పదకొండింటికి ఈయనొచ్చి ప్రతిపాదన అంటాడు, ఒకే సెంటర్ లో ఒకే పూట. ఎవరో అడిగితే "మేనేజ్‌మెంట్ ఇచ్చిన పీపీటీ అండి" అన్నాడు. సిస్టమ్ లు పాతవి, వర్చువల్ మెషీన్ ఒకటి తెరిస్తే మౌస్ కదలదు, రెండు తెరిస్తే హ్యాంగు. లాగ్స్ చూసే టూలు ట్రయల్ వెర్షన్, అది మధ్యలో ఎక్స్‌పైర్ అయిపోతే తర్వాత వారం అంతా స్క్రీన్‌షాట్లు చూపించి క్లాసు నడిపించేశారు. ఏసీ ఉంది, రిమోట్ ఆఫీసులో తాళంలో ఉంది. ఏప్రిల్ నెలలో, వైజాగ్ ఉక్కపోతలో, ఇరవై సీపీయూల మధ్య. నేను బ్యాగులో చేతిరుమాళ్ళు రెండు పెట్టుకుని వెళ్ళేదాన్ని.

ప్లేస్‌మెంట్ అన్నది పచ్చి మోసం అనను గానీ దానికి చుట్టం. "యూరోపియన్ క్లయింట్లతో ఇంటర్వ్యూలు" అని కౌన్సెలర్ చెప్పింది, చివరికి వచ్చింది ఒక కాల్ సెంటర్ నైట్ షిఫ్ట్ డ్రైవ్. ఫ్రెషర్ కుర్రాళ్ళు చాలా డీలా పడ్డారు. పెద్ద సార్ మాత్రం వాళ్ళని కూర్చోబెట్టి, నిస్ 2 ఆడిట్ కి సాక్ష్యాలు తయారుచెయ్యడం, వెండర్ ప్రశ్నలకి నిజమైన జవాబులు రాయడం, ఇన్సిడెంట్ టైమ్‌లైన్ రాయడం, ఇలాంటి పనులకి హైదరాబాద్, బెంగళూరు కంపెనీలు మనుషుల్ని వెతుకుతున్నాయి, ఇంగ్లిష్ లో ఒక పేజీ సూటిగా రాయడం నేర్చుకోండి, అదే మీ టూలు అని చెప్పాడు. ఇద్దరి చేత రెజ్యూమె కూడా తిరగరాయించాడు, దానికి సెంటర్ వాళ్ళు ఆయనకి రూపాయి ఎక్కువ ఇచ్చుండరు.

మిగతావి చకచకా చెప్తా. పార్కింగ్ లేదు, బండైతే సందులో ఇరికించొచ్చు, కారు మాత్రం తేవద్దు, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగి నడిచి రావడం మేలు. టాయిలెట్ ఒక్కటే, ఆడవాళ్ళకి విడిగా లేదు, ఇది రాయకపోతే తప్పు, ఇంత ఫీజు తీసుకుని ఇదేం పద్ధతి. టీ బాగుంటుంది, పదిన్నరకి కింద కొట్టు నుంచి వస్తుంది, అల్లం బాగా దంచి వేస్తాడు. మెటీరియల్ అని ఇచ్చేది జిరాక్స్ పుస్తకం, కొన్ని పేజీలు తలకిందులుగా బైండ్ చేశారు. సర్టిఫికెట్ మీద కూడా ఆ సోల్జర్ బొమ్మ ఉంది.

తీసుకోవాలా వద్దా అంటే, యూరప్ క్లయింట్లతో పనిచేసే కంపెనీలో కంప్లయన్స్, వెండర్ మేనేజ్‌మెంట్, సపోర్ట్ లీడ్ లాంటి పనుల్లో ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. షిప్పింగ్, పోర్టు, లాజిస్టిక్స్ వాళ్ళకి కూడా బాగా పనికొస్తుంది, మా బ్యాచ్ లో అందరికన్నా ఎక్కువ ప్రశ్నలు అడిగింది వాళ్ళే. హ్యాకింగ్ నేర్చుకుందామని, డిఫెన్స్ ఉద్యోగమొస్తుందని వెళ్ళే ఫ్రెషర్లు వద్దు, ఆ డబ్బుతో ఓ సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనుక్కుని ఇంట్లో ల్యాబ్ పెట్టుకోండి. డబ్బు కట్టేముందు ఈ బ్యాచ్ కి పాలసీ క్లాసులు చెప్పేది నేవీ సారేనా అని గట్టిగా అడగండి, వేరే పేరు చెప్తే వచ్చెయ్యండి. పాలసీ క్లాసులకి మాత్రమే విడిగా ఫీజు ఇస్తామంటే మొదట కుదరదంటారు, కొంచెంసేపు కూర్చుంటే ఎనిమిది వేలకి దిగుతారు, మా బ్యాచ్ లో ఇద్దరు అలాగే చేరారు, నాకది ఆలస్యంగా తెలిసింది. రసీదు జీఎస్టీ నంబరుతో అడిగి తీసుకోండి, తెల్లకాగితం మీద రాసిస్తే ఒప్పుకోకండి. టేబుల్‌టాప్ చీటీలు నా దగ్గరున్నాయి గానీ సార్ బయటికి ఇవ్వొద్దన్నాడు, తర్వాతి బ్యాచ్ వాళ్ళకి ముందే తెలిసిపోతుందని, కాబట్టి మెసేజ్ పెట్టి అడక్కండి.